పైకప్పు విప్పిన నలుగురు

(రేడియో ప్రసంగ పాఠము)



మార్కు సువార్త 2వ అధ్యాయములో ఒక పక్షవాయువు రోగి మనకు కనబడతాడు. స్వస్థపరచే ప్రభువు అదే ఊరిలో, కపెర్నహూములో, ఒక ఇంటిలో ఉన్నాడు. అయినా ఈ రోగి ఆయన యొద్దకు రాలేడు. కాళ్లు లేవవు, వాకిట జనము కిక్కిరిసి ఉన్నది. అప్పుడు నలుగురు అతనిని పరుపుతో సహా మోసుకొని వచ్చి, పైకప్పు విప్పి దింపారు. ప్రభువు చూచినది రోగి విశ్వాసమును మాత్రమే కాదు, మోసిన వారి విశ్వాసమును కూడా. వైద్యుడు ఊరిలో ఉండటం ఒక సంగతి, రోగి ఆయన దగ్గరకు చేరటం వేరొక సంగతి.

ఈ దినమున మన మాజీ సైనికులను జ్ఞాపకము చేసుకుందాము. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉన్నది. మిలటరీ మాధవరం అంటే ఎవరైనా దారి చూపిస్తారు. రెండు ప్రపంచ యుద్ధములకూ ఆ ఊరు తన బిడ్డలను పంపింది. అంతమంది కాకపోయినా, మన ఊళ్లలో కూడా సరిహద్దులో కాపు కాసి వచ్చినవారు ఉన్నారు. నేడు వారికి మోకాళ్ల నొప్పులు, చెవుడు, షుగరు, బి.పి. వారి పరుపుకు కూడా నాలుగు మూలలు ఉన్నాయి.

మొదటి మూల ప్రభుత్వము పట్టుకున్నది. 2003 ఏప్రిల్ 1న మాజీ సైనికుల ఆరోగ్య పథకము ప్రారంభమైనది. ఈ.సి.హెచ్.ఎస్. అని అందరూ పిలిచేది దీనినే. పెన్షన్ పొందే మాజీ సైనికుడు, ఆయన భార్య, ఆయనపై ఆధారపడినవారు ఇందులో చేరవచ్చును. ఫ్యామిలీ పెన్షన్ పొందే వితంతువుకు కూడా ఇది వర్తిస్తుంది. దేశమంతటా నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్కులు ఉన్నాయి.

రెండవ మూల ఆసుపత్రులది. పాలీక్లినిక్కు డాక్టరు రెఫరల్ వ్రాసి ఇస్తే, ఒప్పందము ఉన్న ప్రైవేటు ఆసుపత్రి చికిత్స చేసి బిల్లు పథకానికి పంపుతుంది. ప్రాణాపాయ సమయములో ఒప్పందము లేని ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే, రెండు రోజులలోగా పాలీక్లినిక్కుకు తెలియజేయాలి. ఈ మాట తెలియక ఏ కుటుంబమూ అప్పులపాలు కాకూడదు.

మూడవ మూల జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము, మాజీ సైనికుల సంఘములు పట్టుకున్నాయి. సైన్యములో పనిచేసినా పెన్షన్ రానివారు ఉన్నారు. వారిలో హవల్దారు హోదా వరకు ఉన్నవారు వైద్య సహాయము కొరకు ఈ కార్యాలయము ద్వారా కేంద్రీయ సైనిక బోర్డుకు దరఖాస్తు చేసుకోవచ్చును. 1949 నుండి ప్రతి డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినమున మనము వేసే రూపాయి సైనిక కుటుంబముల సంక్షేమానికే వెళుతుంది.

మరి నాలుగవ మూల? ప్రియులారా, అది ఊరి వారిది, మన సంఘముది. మూడు మూలలే లేస్తే పరుపు మీద ఉన్నవాడు జారి పడతాడు.

డెబ్బది ఎనిమిది ఏండ్ల తాతగారిని ఊహించుకోండి. కార్డు బీరువాలో ఉన్నది. పాలీక్లినిక్కు జిల్లా కేంద్రములో ఉన్నది. రెండు బస్సులు మారాలి, వరుసలో నిలబడాలి. పిల్లలు దూర దేశములో ఉన్నారు. ఆయన ఎవరినీ అడగడు. ఆజ్ఞకు లోబడటం నేర్చుకున్నాడు గాని, చెయ్యి చాచి అడగటం నేర్చుకోలేదు. "వచ్చే వారము వెళదాములే" అంటూ నెలలు గడుపుతాడు. ఈలోగా షుగరు పుండు ముదిరి కాలు తీసే వరకు వస్తుంది. పథకము ఉన్నది, డాక్టరు ఉన్నాడు, దారి మాత్రమే లేదు.

పూణె దగ్గర ఖడ్కీలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కొరకు 1974లో ఒక పునరావాస కేంద్రము స్థాపించారు. నడుము క్రింద చలనము లేని మనిషిని రెండు గంటలకొకసారి ఒత్తిగిలించకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. ఆ పని ఏ కాగితమూ చేయదు, మనిషి చెయ్యే చేయాలి. అక్కడ ప్రభుత్వ సహాయముతో పాటు దాతల చేయూత కూడా కలిసి పనిచేస్తున్నది.

కాబట్టి మన సంఘములో ఈ నెల ఏమి చేయగలము? మన వీధిలోని మాజీ సైనికుల పేర్లు, వారి వితంతువుల పేర్లు వ్రాసుకుందాము. వారు ఏ మతము వారని అడగవద్దు. దారిలో పడియున్న వానిని సమరయుడు ఆ ప్రశ్న అడగలేదు. యౌవనస్థులారా, పాలీక్లినిక్కుకు వెళ్లే రోజున వారికి తోడుగా వెళ్లండి. డిశ్చార్జి పుస్తకము, పెన్షన్ కాగితము, ఆధార్, కార్డు, వీటి నకళ్లు ఒక కవరులో పెట్టి ఇవ్వండి. ఏటేటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రము ఆన్‌లైన్‌లో నింపటానికి సహాయము చేయండి. సహోదరీలారా, మందులు వేళకు వేసుకుంటున్నారా అని వెళ్లి పలకరించండి.

ఇంకొక మాట. కొన్ని గాయములు ఒంటి మీద కనబడవు. తోటివాడు కన్నుమూసిన రాత్రి కొందరికి నేటికీ కలలో వస్తుంది. నిద్ర కొరకు త్రాగుడు పట్టిన వానిని మనము త్వరగా తీర్పు తీర్చుతాము, గాయము మాత్రము చూడము. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ సలహాదారులు తెలుగులో కూడా మాట్లాడతారు. ఆ నంబరు ఆయన చేతిలో పెట్టి ఊరుకోవద్దు, ప్రక్కన కూర్చుని కలిపి ఇవ్వండి.

"ప్రభుత్వము చూసుకుంటుందిలే" అని కపెర్నహూములో ఆ నలుగురూ అనుకొని ఉంటే, వాకిలి నిండియున్నదని వెనుదిరిగి ఉంటే, ఆ మనుష్యుడు ఆ పరుపు మీదనే ఉండిపోయేవాడు.

ప్రార్థించుకుందాము. దయగల తండ్రీ, మా కొరకు కాపు కాసినవారిని మేము మరచిపోకుండునట్లు చేయుము. మాకు అప్పగించిన మూలను వదలక పట్టుకొనే చేతులు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.