పట్టికలో రకం వేరు, జవాబులో రకం వేరు



డేటాబేస్ నుంచి వచ్చిన జవాబు సంఖ్యో, అక్షరాల వరుసో కంటితో చూసి చెప్పగలమా? ఒక ఉదాహరణ తీసుకుందాం. ముగ్గురి మార్కులు 100, 95, 9. ఎక్కువ నుంచి తక్కువకు అమర్చమంటే 95, 9, 100 అని వచ్చింది. నూటికి నూరు తెచ్చుకున్న విద్యార్థి పేరు జాబితా అడుగుకు పోయింది! కారణం, మార్కుల కాలమ్ 'టెక్స్ట్' రకానిది. టెక్స్ట్‌ను నిఘంటువులోని మాటల్లా మొదటి అక్షరం నుంచి పోలుస్తారు. 9 కంటే 1 ముందుది కాబట్టి 100 వెనుకబడింది.

రకం తెలుసుకోవడం ఎలా? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌ను చూద్దాం. మన ప్రశ్నను సర్వర్‌కు చేర్చి, జవాబును తెరపై చూపే ప్రోగ్రామ్‌ను క్లయింట్ అంటారు. ఇక్కడ దాని పేరు పీఎస్‌క్యూఎల్. అది సంఖ్యలను కుడి అంచుకు, టెక్స్ట్‌ను ఎడమ అంచుకు జరిపి చూపుతుంది. ఇది తొలి ఆనవాలు మాత్రమే. తేదీలూ ఎడమ అంచుకే ఉంటాయి.

కచ్చితమైన మార్గాలు రెండు. ఒకటి, 'పీజీ అండర్‌స్కోర్ టైప్‌ఆఫ్' అనే ఫంక్షన్. బ్రాకెట్లలో కాలమ్ పేరు ఇస్తే దాని రకం చెబుతుంది. రెండవది, 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి ఉన్న ఆదేశం. ప్రశ్న చివర సెమికోలన్‌కు బదులు బ్యాక్‌స్లాష్ పెట్టి, వెంటనే జీ, డీ, ఈ, ఎస్, సీ అక్షరాలు టైపు చేయండి. ప్రశ్నను అమలు చేయకుండానే ప్రతి కాలమ్ పేరు, రకం చూపుతుంది.

పట్టిక నిర్మాణం చూస్తే చాలదా? చాలదు. లెక్క జరిగితే రకం మారవచ్చు. 'ఇంటిజర్' కాలమ్‌ను కూడితే జవాబు 'బిగ్‌ఇంట్', సగటు తీస్తే 'న్యూమరిక్'. కానీ 7ను 2తో భాగిస్తే రెండూ ఇంటిజర్లే కనుక జవాబు 3. దశాంశం పోతుంది. 2.0తో భాగిస్తే మూడున్నర వస్తుంది.

మార్కులు టెక్స్ట్ అని తేలితే, 'క్యాస్ట్' ద్వారా ఇంటిజర్‌గా మార్చి అమర్చవచ్చు. అయితే పరీక్షకు రానివారి గడిలో 'ఏబీ' అని రాసి ఉంటే మార్పిడి ఎర్రర్‌తో ఆగిపోతుంది. అందుకే హాజరును వేరే కాలమ్‌లో ఉంచి, మార్కులను మొదటే ఇంటిజర్‌గా ప్రకటించడం మేలు.

అభ్యాసంగా 7ను 2తో, తర్వాత 2.0తో భాగించి, రెండు జవాబుల రకాలనూ పరీక్షించండి. ర్యాంకుల జాబితా గోడకెక్కే ముందు ఒక్క ఆదేశంతో రకం చూసుకుంటే, ఒకరి కష్టఫలం తారుమారు కాదు.