ఇంటింటా అనునాదం: ప్రయోగమూ, జాగ్రత్తా
(ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



"మా అబ్బాయి ఎప్పుడూ తీగలూ, కండెన్సర్లూ ముందు వేసుకొని కూర్చుంటున్నాడు. మాన్పించమంటారా?" అని ఇటీవల ఒక తల్లి నన్ను అడిగారు. మాన్పించవద్దనే చెప్పాను. కారణం మనవి చేస్తాను.

ఈ ఉత్సాహం మన నగరానికి కొత్త కాదు. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి గారి కృషితో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు వెలసి, ఆ జులై 31న ప్రసారాలు ప్రారంభించింది. ధనాభావం వల్ల 1927లో అది ఆగిపోగా, 1930లో నగరపాలక సంస్థ ప్రసారాలను పునరుద్ధరించింది. ఆకాశవాణి కేంద్రం 1938లో వచ్చింది.

ఆనాటి స్ఫటిక రేడియోయే నేటికీ పిల్లలకు తగిన తొలి ప్రయోగం. దానికి బ్యాటరీ సైతం అక్కరలేదు. ఏరియల్ గ్రహించిన తరంగాల శక్తే చాలు. ఉయ్యాలను దాని లయకు అనుగుణంగా మెల్లగా నెట్టినా అది ఎత్తుకు లేస్తుంది కదా! అదే అనునాదం. 200 మైక్రోహెన్రీల తీగచుట్టకు సుమారు 244 పికోఫారడ్ల కండెన్సరు జతపడితే ఆ వలయం 720 కిలోహెర్ట్జ్‌లకు స్పందిస్తుంది. మద్రాసు 'ఎ' కేంద్రం దశాబ్దాలపాటు వినిపించింది ఆ పౌనఃపున్యం మీదనే. ఒక జెర్మేనియం డయోడు, అధిక నిరోధం గల ఇయర్‌ఫోను చేరిస్తే రేడియో సిద్ధం.

అయితే ఉయ్యాలకున్న ఆ గుణమే ప్రమాద హేతువు కూడా. శ్రేణి వలయంలో అనునాదం కలిగినప్పుడు చుట్ట కొసల మధ్య వోల్టేజి ఇచ్చినదానికి పదిరెట్లయినా కావచ్చు. 1 వోల్టు 10 అయితే భయం లేదు. గోడ ప్లగ్గులోని 230 వోల్టులు 2300 అయితే ప్రాణాంతకం. కనుక ఇంటి విద్యుత్తుతో, టెస్లా చుట్టలతో పిల్లలు ప్రయోగాలు చేయరాదు. ఏరియల్ తీగ కరెంటు తీగల దరిదాపులకు పోరాదు. ఎర్త్ కోసం ప్లగ్గు రంధ్రంలో తీగ దూర్చరాదు. ఉరుము వినిపిస్తే, ముఖ్యంగా మన ఈశాన్య రుతుపవనాల వేళ, రేడియోను గానీ ఏరియల్‌ను గానీ తాకరాదు.

బాల్యంలో నేను ఒక పాత వాల్వు రేడియో ప్లగ్గు తీసివేసి, ఇక భయం లేదనుకొని లోపల చేయి పెట్టాను. కండెన్సరులో నిలిచి ఉన్న విద్యుత్తు దెబ్బకు చేయి చాలాసేపు స్వాధీనంలో లేకపోయింది. ఆ సంగతి మా నాన్నగారికి చెప్పలేదు. చెబితే మాన్పిస్తారని భయం! తరువాత కూడా చాటుగానే చేశాను. బతికి బయటపడటం నా అదృష్టం.

అందుకే ఆ తల్లికి చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను. మాన్పిస్తే ప్రయోగం ఆగదు, చాటుకు పోతుంది. బిడ్డ పక్కన కూర్చోండి. ఆ ఇయర్‌ఫోను ఒక్కసారి మీ చెవికీ ఆనించుకోండి.

సెలవు.