పిల్లల కంటే ముందు మేత

ఇంటి అక్వేరియంలో చేపపిల్లల పెంపకం గురించి మాట్లాడమన్నారు. గప్పీల మీద ఎక్కువసేపు ఆగను. గప్పీ పిల్లల్ని కనే చేప. పుట్టిన పిల్ల అప్పటికప్పుడే ఈదుతుంది, మెత్తగా నూరిన మేత వేస్తే తింటుంది. తల్లి మింగకుండా దాక్కోవడానికి కాస్త నాచు గుబురుంటే సరి. ఒక్కసారి జతకట్టిన ఆడది, మగది దగ్గర లేకపోయినా నెలల తరబడి విడతలుగా పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. వద్దన్నా ఆగదు.

అసలు పరీక్ష గుడ్లు పెట్టే చేపలతోనే. అందులో మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించే ఫైటర్‌ని తీసుకుందాం. థాయ్‌లాండ్ వాళ్ళు 2019లో దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకున్నారు. అంత ముద్దు వాళ్ళకి.

జతకట్టించడం మీలో చాలామందికి వచ్చు. మగది నీటిమీద నురగ గూడు కడుతుంది. ఆడది వదిలిన గుడ్లు అడుక్కి జారుతుంటే నోటితో ఏరి తెచ్చి గూట్లో పెడుతుంది. గుడ్లు పెట్టడం అయిపోగానే ఆడదాన్ని తీసెయ్యాలి, లేదంటే మగది దాన్ని బతకనివ్వదు. నీళ్ళు 27, 28 డిగ్రీలుంటే ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటపడతాయి. తోక కిందికి వేలాడేసి గూటికి అంటుకుని ఉంటాయి. జారిన పిల్లను తండ్రి మళ్ళీ పైకి చేరుస్తాడు. ఇక్కడిదాకా అందరికీ బాగానే సాగుతుంది. ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతారు కూడా. మరో రెండు మూడు రోజులకు పిల్లలు అడ్డంగా తిరిగి ఈదడం మొదలెడతాయి. తండ్రిని తీసేస్తారు. వారం తిరిగేసరికి తొట్టి ఖాళీ. "ఏదో జబ్బొచ్చిందండీ" అంటారు.

చాలాసార్లు అది జబ్బు కాదండీ, ఆకలి. పుట్టిన పిల్లకు పొట్ట కింద సొన సంచి ఉంటుంది. అదున్నంతవరకు మేత అక్కర్లేదు. అడ్డంగా ఈదుతోందంటే సొన దాదాపు అయిపోయిందన్నమాట. అప్పటికి పిల్ల పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు. మనం వేళ్ళతో నలిపి వేసే మేత రవ్వ దాని నోటికి బండరాయి. పైగా కదలనిదాన్ని అది మేతగా గుర్తించదు. మన దగ్గర ఉడికించిన గుడ్డు పచ్చసొనను గుడ్డలో మూటకట్టి నీళ్ళలో పిండే అలవాటొకటుంది. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. పిల్లలు తినేది రవ్వంత, మిగిలిందంతా కుళ్ళుతుంది.

కావలసింది ఇన్‌ఫ్యూజోరియా, అంటే కంటికి ఆనీ ఆనని సూక్ష్మజీవులు. పాత తొట్టి నీళ్ళు ఒక సీసాలో పోసి, క్యాబేజీ ఆకు ముక్కో, ఎండిన అరటి తొక్కో వేసి, వెలుతురు తగిలేచోట ఉంచండి. మొదటి రెండు మూడు రోజులు నీళ్ళు పాలలా విరిగి కంపు కొడతాయి. ఇంట్లోవాళ్ళు పారబోస్తామంటారు, పారబోయనివ్వకండి. అది బ్యాక్టీరియా. దాన్ని తినే పారమీసియం లాంటివి పెరిగేకొద్దీ నీళ్ళు తేటపడతాయి. సీసాను వెలుతురుకెదురుగా పట్టుకుంటే తెల్లటి నలుసులు వాటంతటవే కదులుతూ కనిపిస్తాయి. అప్పుడు మేత సిద్ధం. దీనికి దాదాపు వారం పడుతుంది, పిల్ల మాత్రం వారం ఆగదు. కాబట్టి సీసా తేటపడ్డాకే జతను కలపండి.

బాదం ఆకు సంగతీ చెప్పాలి. ఎండిన ఆకులో టానిన్లుంటాయి, నీళ్ళకు టీ రంగొస్తుంది. ఆకు నానేకొద్దీ దానిమీద సూక్ష్మజీవులు పెరిగి పిల్లలకు చిరుతిండి అవుతాయి. కోస్తాలో విస్తళ్ళు కుట్టే ఆకే ఇది. మన వీధిలో రాలిపడే ఈ ఆకునే ప్యాకెట్‌లో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, మనం కొంటున్నాం!

నాలుగైదు రోజులు గడిచాక ఆర్టీమియాకు రండి. చేపపిల్లలకు ఇంతకంటే మంచి మేత నాకు తెలియదు. ఇది ఉప్పు సరస్సుల్లో బతికే, రొయ్యలాంటి చిన్న జీవి. దీని గుడ్లు ఎండిన స్థితిలో ఏళ్ళ తరబడి నిలవుంటాయి. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ వీటికి పెద్ద పేరు. మన కోస్తా రొయ్యల హేచరీలు కూడా రొయ్య పిల్లలకు వీటినే పెడతాయి. లీటరు నీళ్ళకు 25 నుంచి 30 గ్రాముల గళ్ళ ఉప్పు కలిపి, చిటికెడు గుడ్లు వేసి, ఎయిర్ పంపు గొట్టం అడుగుదాకా దించండి. పైన బల్బు వెలగనివ్వండి. ఒక రోజు, ఒకటిన్నర రోజుకు నీళ్ళు నారింజరంగుకు తిరుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలాగితే పెంకులు పైకి తేలతాయి. సీసా అడుగున టార్చ్ పెడితే బతికున్నవన్నీ వెలుగు దగ్గరికి చేరతాయి. సన్నటి ట్యూబుతో లాగి, పల్చటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్ళతో కడిగి వెయ్యండి. పెంకులు తొట్టిలో పడనివ్వకండి, పిల్లలకు అరగవు. బయటికొచ్చిన ఆర్టీమియా కూడా మొదట తన సొన మీదే బతుకుతుంది, ఆలస్యమైతే దాని బలం తగ్గిపోతుంది. అందుకే ఏ రోజుది ఆ రోజే. తిన్న పది నిమిషాలకు పిల్లల పొట్టలు చూడండి, నారింజరంగు బొట్లలా మెరుస్తాయి. పొట్ట తెల్లగా ఉన్న పిల్ల తిననట్టే.

నీళ్ళ సంగతి. మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. బోరు నీళ్ళు క్షారగుణంతో ఉన్నచోట దాని విషం ఇంకా ఎక్కువ. స్పాంజ్ ఫిల్టర్ తప్ప మరేదీ పెట్టకండి, మిగతావి పిల్లల్ని లాగేస్తాయి. రోజూ ఎయిర్ ట్యూబుతో అడుగు మడ్డి తీసి, అదే వేడిమి ఉన్న, క్లోరిన్ పోయిన నీళ్ళు చుక్కచుక్కగా పొయ్యండి. మూత తియ్యొద్దు. మూడు నాలుగు వారాలకు ఫైటర్ పిల్ల మన కొర్రమట్టలాగే పైకొచ్చి గాలి పీల్చడం మొదలెడుతుంది. నీటిపైన గాలి చల్లగా ఉంటే ఆ దశలోనే పోతాయి.

రెండు నెలలు దాటితే మగవి కొట్టుకుంటాయి, ఒక్కోదానికి ఒక్కో సీసా కావాలి. వందల పిల్లలకు వంద సీసాలు ఎక్కడ పెడతారో ముందే ఇంట్లో మాట్లాడుకోండి. మిగిలినవి దుకాణానికివ్వండి, స్నేహితులకివ్వండి. చెరువులో మాత్రం వదలకండి. అక్వేరియం కోసం తెచ్చిన సక్కర్ క్యాట్‌ఫిష్ ఇప్పుడు కృష్ణలో, గోదావరిలో జాలర్ల వలలు చింపుతోంది.

నిన్న వేసిన ఆర్టీమియా సీసా, తేటపడిన క్యాబేజీ సీసా రెండూ ఆ చివరి బల్ల మీదున్నాయి. టార్చ్, భూతద్దం కూడా పెట్టాను. ముందు వరసవాళ్ళు ముందు రండి, చూస్తూ ప్రశ్నలడగండి.