లైసెన్సు ఎవరి పేరు మీద?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



భర్త పోయిన స్త్రీని కలిసినప్పుడు మనం పింఛను గురించి అడుగుతాం, పొలం పాసుపుస్తకం గురించి అడుగుతాం. కొట్టు లైసెన్సు గురించి అడగం.

మన వూళ్ళలో మెస్సులు, కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు చూడండి. చాలాచోట్ల తెల్లవారుజామునే పిండి రుబ్బేదీ, పొయ్యి ముందు నిలబడేదీ స్త్రీ. గోడకు వేలాడే లైసెన్సులో పేరు మాత్రం భర్తది. అతను చనిపోగానే "లైసెన్సు ఆయనతోనే పోయింది" అంటారు. మరిది తాళాలు తీసుకుంటాడు.

ఇది నిజం కాదు. ఆహార వ్యాపారాల లైసెన్సులపై 2011లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, లైసెన్సుదారు మరణించిన నాటి నుంచి 90 రోజుల వరకూ ఆ లైసెన్సు కుటుంబ సభ్యుల కోసం చెల్లుబాటులో ఉంటుంది. కారణాలు నమోదు చేసి అధికారి గడువు పెంచవచ్చు. ఈలోగా ఆమె తన పేరుకు బదిలీ కోరుతూ దరఖాస్తు పెట్టాలి. పెట్టాక, నిర్ణయం వెలువడే దాకా వ్యాపారం సాగించవచ్చు. ఆమె చెప్పేది వినకుండా తిరస్కరించడానికి వీల్లేదు. మునిసిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు వేరు. దాని సంగతి విడిగా చూసుకోవాలి.

ఇక మరిది సంగతి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కింద, వీలునామా రాయకుండా పోయిన పురుషుడి ఆస్తికి భార్య, పిల్లలు, తల్లి మొదటి తరగతి వారసులు. వాళ్ళుండగా సోదరుడికి వాటా రాదు.

కానీ 90 రోజులు ఎలా గడుస్తాయో మీకు తెలుసు. కర్మకాండ, ఆ తర్వాత నెలల తరబడి మూల కూర్చోబెట్టడం, మరణ ధ్రువపత్రం కోసం తిరగడం. చట్టం ఇచ్చిన గడువును ఆచారం తినేస్తుంది. అందుకే మొదటిసారి వెళ్ళినప్పుడే మరణించిన తేదీ, లైసెన్సు నంబరు రాసుకోండి. దరఖాస్తు పెట్టించి రసీదు తీసుకోండి.

పక్షవాతంతో భర్త మంచాన పడితే? ఈ నిబంధన మరణం గురించే చెబుతుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం నయం. సర్టిఫికెట్ ఉన్న వ్యక్తి మరణించినా, శాశ్వత వైకల్యం పాలైనా, జబ్బు పడినా, దాని గడువు తీరేదాకా ముందుగా జీవిత భాగస్వామి, తర్వాత ఆధారపడిన బిడ్డ ఆ వ్యాపారం చేసుకోవచ్చు. బండికి ఉన్న ఈ రక్షణ మెస్సుకు ఎందుకు ఉండకూడదు?

ఒక్క మాట. ఈ రెండు చోట్లా స్త్రీ హక్కు భార్యగా వస్తోంది, పనిచేసిన మనిషిగా కాదు. భర్త బతికుండగానే లైసెన్సు ఆమె పేరున గానీ, ఇద్దరూ భాగస్వాములుగా గానీ తీసుకునేలా చూడటం మన పని. వచ్చే నెల మీ వూరి మెస్సుల్లోకి వెళ్ళి, గోడ మీది పేరు చదివి రండి.