ఎవరి మనిషీ కాని మనిషి
(బాలగోపాల్ స్మారకోపన్యాసం)



కర్నూలు, కడప పల్లెల్లో కొత్త మనిషి కనిపిస్తే ముందు ఊరు అడుగుతారు, ఆ వెంటనే ఎవరి తాలూకో అడుగుతారు. అడిగేవాళ్లను తప్పుపట్టలేం. రోడ్డు పని, రేషన్ డీలరుషిప్పు, బోరుకు కరెంటు, స్టేషన్లో కూర్చోబెట్టిన కొడుకు విడుదల, వీటిలో ఏది కావాలన్నా ఒక నాయకుడి మనిషి అనిపించుకోక తప్పని చోట ఎదుటివాడు ఎవరి వైపో తెలుసుకోవడం బతుకు జాగ్రత్త. కానీ ఆ జాగ్రత్తకు మనం పెద్ద మూల్యమే చెల్లిస్తున్నాం. ఇక్కడ నిజానికి కూడా వర్గం అంటగడతారు. హత్య జరిగితే రెండు కథలు పుడతాయి, రెండు కేసులు నమోదవుతాయి, రెండు జట్ల సాక్షులు తయారవుతారు. ఏ వర్గానికీ చెందని కూలివాడో, కౌలు రైతో చనిపోతే ఒక్క కథ చెప్పడానికైనా మనిషి దొరకడు. జీతం లేకుండా పనిచేసే హక్కుల సంఘం కార్యకర్తతో ఇక్కడే అవసరం పడుతుంది. ఈ పనికి కావాల్సిన నిష్పక్షపాతం దూరంగా ఉంటే రాదని, పనిచేసే పద్ధతి నుంచే వస్తుందని, అందువల్ల ఈ ప్రాంతపు మనుషులే దీన్ని చేయగలరని ఈ ప్రసంగంలో నా వాదన.

బాలగోపాల్ 1952లో పుట్టింది మన పొరుగునున్న బళ్లారిలో. లెక్కల్లో పరిశోధన చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు, తర్వాత ఆ ఉద్యోగం వదిలాడు. 1983 నుంచి పదిహేనేళ్ల పాటు ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి ప్రధాన కార్యదర్శిగా ఉన్నాడు. 2009 అక్టోబరు 8న పోయేదాకా ఆయన చేతిలో నోటుపుస్తకం, సంచిలో కాగితాలు ఉంటూనే ఉన్నాయి. రాయలసీమ ఫ్యాక్షన్‌ను పాలెగాళ్ల నెత్తురు గుణంగా చూసే అలవాటును ఆయన ఒప్పుకోలేదు. గనులు, కాంట్రాక్టులు, ఎన్నికల పదవులు ఎవరి చేతిలో ఎలా పడ్డాయో చూపించి, హింస వెనకున్న లెక్క విప్పాడు. ఆ లెక్క ఎవరైనా విప్పగలిగేదే. ఊరికి పోవాలి, అందరినీ అడగాలి, కాగితం చూడాలి, రాసి పేరు పెట్టి బయట పెట్టాలి. మనవాళ్లు నిజనిర్ధారణ అని పిలిచే పని ఇంతే. ఇంతే అయినా దీన్ని ఏళ్ల తరబడి చేసినవాళ్లు తక్కువ.

ఇక్కడి మనుషులే ఈ పని చేయగలరన్న మాటకు వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ఊళ్లో పుట్టినవాడికి కులముంది, బంధువులున్నారు, పొలం గట్టు తగాదా ఉంది. అతను నిష్పక్షపాతంగా ఎలా ఉంటాడు? 1961లో లండన్‌లో పీటర్ బెనెన్సన్ మొదలుపెట్టిన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఈ చిక్కును దూరంతో దాటింది. సభ్యులు తమ దేశపు కేసులు చేపట్టరాదని నియమం పెట్టుకుంది. ఒక్కో బృందం ముగ్గురు ఖైదీలను, పాశ్చాత్య దేశం నుంచి ఒకరిని, కమ్యూనిస్టు దేశం నుంచి ఒకరిని, మూడో ప్రపంచం నుంచి ఒకరిని చేపట్టేది. ఖైదీ విడుదల కోసం ఉత్తరం రాసేవాళ్లకు అది గౌరవించదగ్గ ఏర్పాటు. కానీ ఏ బోరులో నీళ్లు ఎప్పుడు మారాయో, చనిపోయిన రైతు ఎవరి దగ్గర నోటు రాశాడో దూరం నుంచి తెలియదు. మన సంఘాలు ఇదే చిక్కును మరోలా పరిష్కరించుకున్నాయి. ఒంటరిగా పోకుండా, వేరే మండలం, వేరే కులం మనుషులను కలుపుకొని జట్టుగా పోవడం, బాధితులతో పాటు ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్లనూ తహసీల్దారునూ ఎస్ఐనీ కలవడం, మాట్లాడనన్నవాళ్ల సంగతీ రాయడం, నివేదికలో తమ పేర్లు వేసుకోవడం. ఒకరి మొగ్గును మరొకరు పట్టుకుంటారు. తప్పు రాస్తే ఊరే నిలదీస్తుంది. దూరంగా ఉన్నవాడికి ఆ భయం లేదు. నా ఉద్దేశంలో ఈ భయమే మంచి కాపలా.

ఈ పద్ధతి ఫలితం చూడాలంటే కడప జిల్లా వేముల మండలం పోవాలి. తుమ్మలపల్లె యురేనియం గని, శుద్ధి కర్మాగారం కోసం 2006 సెప్టెంబరు 10న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి. శుద్ధి తర్వాత మిగిలే వ్యర్థాన్ని కె.కె.కొట్టాల దగ్గర చెరువులాంటి గుంతలో నింపుతారు. కొన్నేళ్లకే కె.కె.కొట్టాల, కనంపల్లె, మబ్బుచింతలపల్లె రైతులు బోరు నీళ్లు మారాయని, అరటి తోటలు ఎండుతున్నాయని, బిందెల అడుగున తెల్లటి పేరుడు కడుతున్నదని చెప్పడం మొదలుపెట్టారు. ‘నీళ్లు చెడిపోయాయి’ అన్న మాట అధికారి ముందు నిలవదు. ఏ సర్వే నంబరు, బోరు ఎన్ని అడుగులు, గుంతకు ఎటువైపు, ఎంత దూరం, తోట పెట్టింది ఏ నెల, ఎండింది ఏ నెల, అదే ఏడాది గుంతకు దూరంగా ఉన్న తోట ఎలా ఉంది, సీసాలో నీళ్లు పట్టి మూత బిగించింది ఎవరి సమక్షంలో, ఇవన్నీ వరుసగా రాసినప్పుడే అది సాక్ష్యమవుతుంది. రైతులతో పాటు మానవ హక్కుల వేదికలాంటి సంఘాలు, విశ్రాంత శాస్త్రవేత్తలు ఈ పనిలో చెయ్యి కలిపారు. గుంత అడుగున నీరు ఇంకకుండా పరవాల్సిన పొర సంగతి మీద చివరికి కాలుష్య నియంత్రణ మండలే గని నడిపే సంస్థకు నోటీసు ఇవ్వాల్సి వచ్చింది.

దేశానికి కరెంటు వద్దా, హక్కుల సంఘాలు ప్రతిదానికీ అడ్డం పడతాయి అన్న మాట ఇక్కడే వినిపిస్తుంది. అణువిద్యుత్తు కావాలా వద్దా అన్నది పెద్ద చర్చ, అందులో నిజాయితీపరులు రెండు వైపులా ఉన్నారు. వేములకు పోయిన కార్యకర్త ఆ చర్చ తేల్చనక్కర్లేదు. అనుమతి పత్రంలో రాసిన షరతు అమలైందా అన్న ఒక్క ప్రశ్న అతనికి చాలు. 2024లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల రిజర్వు అడవిలో, 468 హెక్టార్లలో యురేనియం అన్వేషణకు 68 బోర్లు వేయాలన్న ప్రతిపాదన బయటపడ్డప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తుమ్మలపల్లెను ఉదాహరణగా చూపించారు. ఒకప్పుడు ఫ్యాక్షన్ హత్యలతో పేరుపడ్డ ఊరి జనం నీళ్ల కోసం రోడ్డెక్కారు, ప్రభుత్వం ఆ పని ఆపుతున్నట్టు ప్రకటించింది. కడప జిల్లాలో నమోదైన నిజం కర్నూలు జిల్లాకు అక్కరకొచ్చింది.

ఇంతకంటే చప్పుడు లేని పని ఇంకొకటుంది, అదే ఎక్కువ కష్టం. రైతు ఆత్మహత్య చేసుకుంటే కుటుంబానికి సాయం చేయడానికి 2004లో 421 జీవో వచ్చింది. అప్పట్లో లక్షన్నర, 2015లో 5 లక్షలు, 2019లో 7 లక్షలు. కానీ అది వ్యవసాయ కారణాలతో జరిగిన ఆత్మహత్యేనని ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కూర్చునే త్రిసభ్య కమిటీ నిర్ధారించాలి. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం, ఫోరెన్సిక్ రిపోర్టు, పాసుపుస్తకం, అప్పు పత్రాలు, వారసుల సర్టిఫికెట్ కావాలి. ఏడ్చే ఇంట్లో ‘కడుపునొప్పి తట్టుకోలేక’ అని ఎవరో రాయించిన ఒక్క వాక్యం ఎఫ్ఐఆర్‌లో పడితే దారి అక్కడే మూసుకుపోతుంది. కౌలు రైతు గతి మరీ అన్యాయం. ఒప్పందం నోటిమాటే, పాసుపుస్తకం ఆసామి పేరున ఉంటుంది. 2019 సాగుదారుల హక్కుల చట్టం ఇచ్చే కార్డుకు ఆసామి సంతకం కావాలన్నారు, ఆయన పెట్టడు. అలాంటి ఇంటికి పోయిన కార్యకర్త ఎరువుల అంగడి బిల్లు, బంగారం తాకట్టు చీటీ, ప్రామిసరీ నోట్లు, ఎండిన బోర్ల లెక్క ఒక్కచోట చేర్చి అర్జీ రాసి, ఆర్డీవో ఆఫీసు చుట్టూ ఆ ఇల్లాలితో పాటు తిరగాలి. దీన్ని సేవ అంటారు కొందరు. నేననను. చనిపోయిన మనిషి ఎందుకు చనిపోయాడో రాజ్యం చేత నిజం రాయించడం అది, హక్కుల పనిలో ఇంతకన్నా మూలమైనది నాకు కనిపించదు.

దీనికంతటికీ కమిషన్లు, కోర్టులు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయం 2021లో కర్నూలుకే వచ్చింది. 1993 చట్టం ప్రకారం కమిషన్ చేయగలిగింది సిఫారసు. ఘటన జరిగి ఏడాది దాటితే విచారణ చేపట్టే అధికారమే దానికి లేదు. సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు పోయి ఆర్నెల్లకు ఇల్లు చేరే కోసిగి కూలికి ఆ గడువు సంగతి ఎవరు చెప్పాలి? 2020 నవంబరులో నంద్యాల ఆటో డ్రైవరు ఒకరు భార్యా ఇద్దరు పిల్లలతో సహా పాణ్యం మండలంలో రైలు కింద పడి ప్రాణం తీసుకున్నాడు. పోలీసుల వేధింపు భరించలేకపోతున్నామని ఆ కుటుంబం తీసుకున్న సెల్ఫీ వీడియో బయటికి వచ్చాకే ఒక సీఐ, ఒక హెడ్ కానిస్టేబుల్ అరెస్టయ్యారు. చనిపోయేవాళ్లు తమ సాక్ష్యం తామే రికార్డు చేసి పోవాల్సి వచ్చింది. వీడియో తీయనివాళ్ల సంగతి ఆలోచించండి. సంస్థలు ఫిర్యాదు చేతికందితే కదులుతాయి. ఆ చేతికి అందించే మనిషి కావాలి.

హక్కుల సంఘాలు పోలీసుల హింసనే పట్టించుకుంటాయి, ఎదుటిపక్షం హింసను వెనకేసుకొస్తాయి అన్నది పాత ఆరోపణ. దాన్ని కొట్టిపారేయలేం, ఎందుకంటే హక్కుల ఉద్యమం లోపలే ఆ ప్రశ్న వచ్చింది. సాయుధ ఉద్యమాల హింసనూ కులం, స్త్రీల మీద హింసనూ అదే కొలతతో కొలవాలన్న చర్చ సాగి, 1998లో బాలగోపాల్, మరికొందరు విడిగా మానవ హక్కుల వేదిక ఏర్పరిచారు. ఆ చీలికలో ఎవరిది ఒప్పు అన్నదాని మీద ఇప్పటికీ భేదాభిప్రాయాలున్నాయి. పౌరహక్కుల సంఘం చెల్లించిన మూల్యాన్ని మాత్రం ఎవరూ చిన్నబుచ్చలేరు. 1985లో వరంగల్ పిల్లల డాక్టరు రామనాథం, 1991లో నర్రా ప్రభాకరరెడ్డి, 2000లో పురుషోత్తం, 2001లో ఆజం అలీ హత్యకు గురయ్యారు. బాలగోపాల్‌ను 1989లో కిడ్నాప్ చేశారు. అయితే ఫ్యాక్షన్ నేలలో ఒకే కొలత అన్న సూత్రం సిద్ధాంత చర్చకు పరిమితం కాదు. ఈ పార్టీ ప్రభుత్వంలో జరిగిన లాకప్ మరణానికి పోయి, ఆ పార్టీ వచ్చాక ఊరుకున్న కార్యకర్తను మూడోసారి ఏ గడపా నమ్మదు.

జీతమిచ్చి నిపుణులను పెడితే పని ఇంకా బాగుంటుంది కదా అంటే, కొన్ని పనులకు నిపుణులు కావాలి, నీటి పరీక్షకు శాస్త్రవేత్త, కేసుకు వకీలు. కానీ నిధి ఎక్కడిదో అక్కడి మాట చెల్లుతుంది. మన సంఘాలు విదేశీ నిధులు, ప్రభుత్వ నిధులు ముట్టకుండా సభ్యుల చందాలతో బస్సు చార్జీలు పెట్టుకుంటూ వచ్చాయి. దీనివల్ల పని నెమ్మదిస్తుంది, మనుషులు అలిసిపోతారు. ఆ నష్టం నిజమే. అయినా ‘మీకు డబ్బు ఎవరిస్తున్నారు’ అన్న ప్రశ్నకు చందా పుస్తకం చూపించగలగడం ఈ ప్రాంతంలో చిన్న బలం కాదు.

రాసిపెట్టిన నిజం ఎంతకాలం అక్కరకొస్తుందో శ్రీశైలం చెబుతుంది. ఆ జలాశయం కింద వంద దాకా ఊళ్లు మునిగాయి, లక్ష మంది చెదిరిపోయారు. 1981 వేసవిలో ‘ఆపరేషన్ డెమాలిషన్’ పేరుతో ఇళ్లు కూల్చి జనాన్ని ఖాళీ చేయించిన తీరు మనకు ఇవాళ వివరంగా తెలుసంటే, ఆ తర్వాత ఒక నిజనిర్ధారణ కమిటీ ఊరూరా తిరిగి రాసి 1986లో అచ్చువేయడం ముఖ్య కారణం. అదే ఏడాది నిర్వాసితుల ఇంటికో ఉద్యోగమంటూ 98 జీవో వచ్చింది. దాన్ని పట్టుకొని వాళ్ల పిల్లలు దశాబ్దాల పాటు ఆఫీసుల చుట్టూ తిరిగారు. రాయడంతో పని అయిపోదు, వెంటపడే మనుషులు తరం తర్వాత తరం కావాలి.

ఈ సభలో టీచర్లు, వకీళ్లు, విద్యార్థులు, రిటైరైన ఉద్యోగులు ఉన్నారు. మీ మండలంలో ఈ ఏడాది జరిగిన ఒక రైతు ఆత్మహత్యనో, ఒక లాకప్ మరణాన్నో తీసుకోండి. వేరే కులం, వేరే ఊరు మనుషులు ఇద్దరిని వెంటబెట్టుకొని ఆ ఇంటికి పోండి. ఫైలు ఏ బల్ల మీద ఆగిందో కనుక్కొని రాయండి. ఏడాది గడువు దాటకముందే పోండి.