‘పాస్’ – ఒక మాట, పది అర్థాలు
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన పది నిమిషాల్లో ఒక్క చిన్న మాట గురించి మనవి చేస్తాను. పుట్టుక చేత అది ఇంగ్లీషు మాట. కానీ మన వైపు చదువురాని వారి నోట కూడా తెలుగు మాటలాగే పలుకుతుంది. అదే ‘పాస్’.

మనవడికి ముప్పై అయిదు మార్కులు వస్తే పాస్. శాసనసభ ఆమోదిస్తే బిల్లు పాస్. ఖజానాలో సంతకం పడితే మన జీతం బిల్లూ పాస్. పిల్లలకు బస్సు పాస్, విదేశం వెళ్ళే కొడుక్కి పాస్‌పోర్టు, బ్యాంకులో పాస్‌బుక్కు, రైతు చేతిలో పట్టాదారు పాస్ పుస్తకం. సరుకు బండి గేటు దాటాలంటే గేట్ పాస్. అరుగు మీద బఠాణీలు నములుతూ కూర్చుంటే టైంపాస్. కొండల నడుమ దారీ పాసే. మన నల్లమలలోని నంది కనుమను ఇంగ్లీషులో అలాగే అంటారు. ఆపరేషనైన మరునాడు డాక్టరు గారు వచ్చి “గ్యాస్ పాసయిందా?” అని అడిగితే సిగ్గుపడనక్కర్లేదు, అది శుభవార్తే!

ఇన్ని అర్థాలకూ మూలం లాటిన్ భాషలో ‘అడుగు’ అనే మాట. అడుగు వేసి ఇటు నుంచి అటు దాటడమే పాస్. మన తెలుగులో దీనికి ఒక్కొక్క చోట ఒక్కొక్క మాట. పరీక్ష గట్టెక్కుతాం. గండం గడుస్తుంది, పూట గడుస్తుంది. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం స్థాపించిన ఎమ్మిగనూరులో మగ్గం సంగతి చెప్పనక్కర్లేదు. పడుగు మధ్య నాడె ఇటు నుంచి అటు దాటడమూ పాసే. అయితే నాడె దానంతటది దాటదు. నేసే చెయ్యి ఉండాలి.

ఆఫీసులోనూ అంతే. “ఏమప్పా, బిల్లు పాసాయనా?” అని అడిగేవారు, అదేదో దానంతటది అయిపోయేటట్లు. గుమస్తా లెక్క చూడాలి, పైవారు సరిచూడాలి, అధికారి సంతకం చేయాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆక్షేపణతో వెనక్కి వస్తుంది.

ఈ మాటకు ఆఖరి అర్థం ఒకటుంది. మనిషి పోతే ఇంగ్లీషులో ‘పాస్డ్ అవే’ అంటారు. మనం పాసైపోయినంత మాత్రాన మన పింఛను భార్యకు దానంతటదే పాసవదు. మన సభ్యుడొకాయన పోయాక ఆయన భార్య నెలల తరబడి తిరిగింది. పింఛను కాగితాల్లో ఉన్నది పుట్టింటి వారు పెట్టిన పేరు, ఆధార్‌లో ఉన్నది అత్తింటి పేరు. ఆ ఇద్దరూ తానేనని ఆమె రుజువు చేసుకోవలసి వచ్చింది. భర్తకు కర్మకాండలు ముగియకముందే భార్యకు పరీక్ష మొదలైంది. ఆయన ఉండగా ఒక దరఖాస్తు, ఒక సంతకంతో సరిదిద్దుకోగలిగిన విషయం అది.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదు, హక్కు అని తేల్చింది. అందుకే ఆ తేదీని మన దినోత్సవంగా జరుపుకొంటున్నాం. కానీ హక్కు కూడా కాగితం మీద పాసైతేనే ఇల్లు చేరుతుంది.

కనుక ఈ రాత్రే మీ పింఛను చెల్లింపు ఉత్తర్వు తీయండి. భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో, బ్యాంకు ఖాతాతో సరిపోయాయో లేదో చూడండి. తేడా ఉంటే సంతకం చేసే చెయ్యి ఆడుతుండగానే సరిచేయించండి. ఆ కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో ఆమెకు చూపించండి. పిల్లలకు ఒక మాట: నాన్న పోతే వెంటనే ఖజానాకు తెలియజేయండి. మరణించిన తేదీ తర్వాతి రోజులకు ఖాతాలో పడిన పింఛను తిరిగి కట్టవలసిందే. ఇక ఏటా ఇచ్చే జీవన ధ్రువపత్రం అంటారా, అది బ్రతికి ఉన్నామని మనం పాసవ్వాల్సిన పరీక్ష. 2014 నుంచి వేలిముద్ర వేసి ఇచ్చే వీలు కూడా వచ్చింది.

మన ఆడవాళ్ళకు పూట గడవడమే ఈ మాటకున్న అన్ని అర్థాల్లోకీ పెద్దది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. నా సమయమూ పాసయింది. సెలవు.