కూలిన చోటు, తప్పు జరిగిన చోటు

 కంప్యూటర్ సైన్స్ చదివినవారికి ఉద్యోగంలో ముందుగా ఎదురయ్యేది, చాలాసార్లు, ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన ప్రోగ్రామ్ కుప్పకూలడమే.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తలకెక్కింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కు 'జ్ఞా' ఉన్న సందేశం వస్తే యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే హోం స్క్రీన్‌ను నడిపే స్ప్రింగ్‌బోర్డే కూలేది. నింద అక్షరం మీద పడింది. అది అన్యాయం. మామూలుగా టైపు చేసిన 'జ్ఞానం' ఏ ఫోన్‌నూ ఏమీ చేయలేదు. ఞ వత్తుకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరినప్పుడే, అక్షరాలను పేర్చే కోర్‌టెక్స్ట్ లైబ్రరీలో మెమరీ చెడేది. అలాంటి కూర్పులు బెంగాలీలోనూ దొరికాయి. ఫిబ్రవరి 19న విడుదలైన 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

కూలింది యాప్, తప్పు లైబ్రరీది. ఈ తేడాను పట్టి ఇచ్చేది బ్యాక్‌ట్రేస్. పల్లెల్లో చివరి కుళాయికి నీళ్లు రాకపోతే కుళాయి విప్పి చూస్తూ కూర్చోరు, పైపు వెంట ట్యాంకు దాకా నడుస్తారు. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన జీడీబీ డీబగ్గర్‌లో 'బీటీ' అని కొట్టడమూ అలాంటి నడకే. ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో వరసగా కనబడుతుంది.

అయితే ముందుగా సిద్ధపడని చోట పేర్లకు బదులు '??' గుర్తులే మిగులుతాయి. కంపైల్ చేసేటప్పుడు 'మైనస్ జీ' ఇవ్వాలి. వాడకందారులకు పంపే ఫైలు నుంచి సింబల్స్ తీసేస్తే, ఆ బిల్డ్ సింబల్స్‌ను విడిగా భద్రపరచాలి. సిస్టమ్ లైబ్రరీల డీబగ్ ప్యాకేజీలు కూడా ఉండాలి. 'యూలిమిట్'లో కోర్ పరిమితి సున్నా దగ్గర ఉంటే, కూలినప్పటి మెమరీని దాచే కోర్ ఫైలే పడదు. ఆప్టిమైజేషన్ పెరిగేకొద్దీ కొన్ని ఫంక్షన్లు మరొకదానిలో కలిసిపోతాయి, వేరియబుల్స్ విలువలు మాయమవుతాయి. 'బీటీ ఫుల్' లోకల్ వేరియబుల్స్ చూపిస్తుంది. 'థ్రెడ్ అప్లై ఆల్ బీటీ' అన్ని థ్రెడ్లనూ బయటపెడుతుంది.

అన్నిటికంటే మోసం చేసేది పై వరసలో 'మాలక్' లేదా 'ఫ్రీ' కనబడే ట్రేస్. తొందరపడినవారు సీ లైబ్రరీని అనుమానిస్తారు. నిజానికి మెమరీని పాడుచేసిన కోడ్ ఎప్పుడో తన పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటుంది, స్టాక్‌లో దాని జాడే ఉండదు. అప్పుడు అడ్రస్ శానిటైజర్‌తో మళ్లీ కంపైల్ చేసి నడపాలి. విడిచిపెట్టిన మెమరీని ఎవరైనా తాకితే అది అక్కడికక్కడే ఆపి మూడు ట్రేస్‌లు ఇస్తుంది: ఎక్కడ తాకారో, అంతకుముందు ఎక్కడ విడిచారో, మొదట ఎక్కడ కేటాయించారో.